కొత్త బ్యాటరీ వేసినా కారు మొరాయిస్తోందా?

ప్రశ్న: మా పెట్రోల్ కారుకు రెండు నెలల కిందటే కొత్త బ్యాటరీ వేయించాం. రోజూ తిప్పితే బాగానే ఉంటోంది. రెండు రోజులు ఇంటి దగ్గరే ఉంచితే మాత్రం టక్ టక్‌మని ఆగిపోతోంది. మెకానిక్ మళ్లీ బ్యాటరీ మార్చాలంటున్నారు. మార్చమంటారా? - ఓ పాఠకుడు, కడప

జవాబు: అప్పుడే మార్చకండి. మీరు చెప్పిన తీరు చూస్తే, బండి ఆపి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోందని నా అనుమానం.

కీ తిప్పగానే స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది. అంత కరెంటు బ్యాటరీలో లేకపోతే స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్ (సొలినాయిడ్) టక్ టక్‌మని కొట్టుకుంటుందే తప్ప ఇంజన్ తిరగదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక లైట్లు, ఏసీ ఫ్యాన్‌కు కరెంటిచ్చేదీ, బ్యాటరీని మళ్లీ నింపేదీ ఇంజన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే. మీ ఊళ్లోనే ఏడు రోడ్ల కూడలి దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాలకు బ్యాటరీ పూర్తిగా నిండదు.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, పొద్దున్నే బండి తీయకముందు బ్యాటరీని కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ అయినా టెన్షన్ పడొద్దు. పాత కార్లలో 12 దగ్గరే ఆగితే బెల్టు, ఆల్టర్నేటర్ చూపించాలి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే అసలు పని మొదలవుతుంది. కారు లాక్ చేసి అరగంట పైన ఆగాక, నెగటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటర్ పెట్టి ఎలక్ట్రీషియన్‌తో కరెంటు కొలిపించండి. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. అర ఆంపియర్ పోతుంటే రెండు రోజుల్లో 24 ఆంపియర్ అవర్లు ఖాళీ! చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లదైతే ఇక మిగిలేదెంత? ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటర్‌లో అంకె ఎప్పుడు తగ్గుతుందో చూస్తే కరెంటు దొంగ దొరుకుతుంది. బయట బిగించిన డాష్‌క్యామ్, మ్యూజిక్ సిస్టమ్, ఆరకుండా ఉండే డిక్కీ లైటు ముందు చూడండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్‌లో కరెంటు వెనక్కి పోకుండా ఆపే డయోడ్ పోయి ఉండొచ్చు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షిస్తామంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కాలిపోవచ్చు, దాని ఖర్చు బ్యాటరీకి ఎన్నో రెట్లు. రెండు నెలల బ్యాటరీకి వారంటీ ఉండే ఉంటుంది. లోపం దానిదేనని తేలితే బిల్లు తీసుకుని కొన్న షాపుకే వెళ్లండి.