ముగ్గు ఫొటోలో ఆ అందం ఎందుకు రాదు?

ప్రశ్న: వాకిట్లో 15 చుక్కల ముగ్గు ముచ్చటగా ఉంటుంది. ఫోనులో తీస్తే తేలిపోతోంది. ఎందుకు?

జవాబు: 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క పెడితే ఆరు భుజాలూ సమానంగా వస్తాయి. 60 డిగ్రీలు తిప్పినా చుక్కల అమరిక మారదు. ఒక మూల చూడగానే మిగతా ఐదింటినీ కన్ను ఊహించేస్తుంది. ఆ ఊహ నిజమవడమే అసలు ఆనందమని మా అభిప్రాయం. నిలబడి ఏటవాలుగా తీస్తే దగ్గరి చుక్కలు పెద్దవై, దూరపువి కుంచించుకుపోతాయి. ఊహ తప్పుతుంది.

గట్టి స్టూలెక్కి ఫోనును నేలకు సమాంతరంగా పట్టుకోండి. కెమెరాలో గ్రిడ్ (తెర మీది అడ్డం, నిలువు గీతలు) పెట్టుకుని నడిమి చుక్కను సరిగ్గా మధ్యకు తెండి. ఎక్కువ వెడల్పు చూపే 0.5 లెన్స్ మాత్రం వద్దు, అంచులను సాగదీస్తుంది. పిండి మరీ తెల్లగా వెలిగిపోయి గీతలు కలిసిపోతుంటే కెమెరాలో వెలుతురు కాస్త తగ్గించండి. మీ నీడ ముగ్గు మీద పడకుండా చూసుకోండి.