శరణార్థి కుటుంబాలు కలుసుకోవడానికి ఏళ్లు ఎందుకు పడుతుంది?

ఐరోపాలో ఆశ్రయం కోరినవారు భార్యాపిల్లలను వెంటనే ఎందుకు రప్పించుకోలేరని తిరుపతిలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థిని ఒకరు నన్ను అడిగారు.

ఆశ్రయంపై నిర్ణయం వెలువడితే తప్ప కుటుంబాన్ని పిలిపించుకునే హక్కు సాధారణంగా రాదు కనుక నిరీక్షణ రెండు విడతలవుతుంది. ఐరోపా సమాఖ్య 2013 నాటి ఆదేశం నిర్ణయానికి 6 నెలల గడువు పెట్టినా, 21 నెలల వరకు పొడిగింపునకు వీలిచ్చింది. అప్పీలు కాలం దీనికి అదనం.

ఆ తరువాత అసలు చిక్కు కాగితాలది. చిత్తూరులో మనం కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి తహసీల్దారు కార్యాలయానికి వెళ్తాం. ప్రాణభయంతో ఆఫ్రికా దేశమైన ఎరిత్రియాను విడిచిన మనిషి మాత్రం, ఏ ప్రభుత్వానికి భయపడి పారిపోయాడో దాని నుంచే వివాహ ధ్రువపత్రం తేవలసి వస్తుంది. పత్రాలు లేవన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదని 2003 నాటి కుటుంబ పునరేకీకరణ ఆదేశం చెబుతోంది, అయినా ఇతర ఆధారాల పరిశీలన నెలల తరబడి సాగుతుంది.

రక్షణ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అనుబంధ రక్షణ (శరణార్థి హోదా రాకపోయినా, స్వదేశానికి పంపితే తీవ్ర హాని జరుగుతుందని ఇచ్చే రక్షణ) పొందినవారి కుటుంబాలకు జర్మనీ 2018 ఆగస్టు నుంచి నెలకు 1,000 వీసాల పరిమితి పెట్టి, 2025 జులైలో ప్రత్యేక కష్టాలున్న కేసులు మినహా రెండేళ్లపాటు నిలిపివేసింది. పిల్లల బాల్యం ఆగదు కనుక ఇది చాలా కఠినమని నా అభిప్రాయం.

పూర్తి శరణార్థి హోదా వచ్చినవారు మూడు నెలల్లోపే దరఖాస్తు చేయాలి. ఆలస్యమైతే ఆదాయం, నివాసం చూపమని అడగవచ్చు.