మ్యాప్ ప్రశ్న దగ్గర ఆగిపోయిన అమ్మాయికి 65 వేల కోర్సు కావాలా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. మొన్న కాలేజీలో మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మ్యాప్ చేసిన ఫలితాన్ని ఒకసారి లూప్‌లో తిప్పాక, రెండోసారి తిప్పితే ఖాళీగా ఎందుకొస్తుందని అడిగారట. చెప్పలేకపోయింది. అడిగినాయన ‘నీకు ప్రోగ్రామింగ్ రాదు, వేరే దారి చూసుకో’ అన్నాడట. అప్పట్నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకి 65 వేలు చెబుతున్నారు, నెలాఖరులోగా కట్టాలట. కట్టమంటారా, బ్యాంకు పరీక్షలకి పంపమంటారా?

జవాబు: డబ్బు మాత్రం ఇప్పుడు కట్టకండి. నెలాఖరు గడువు ఆ ఇన్‌స్టిట్యూట్‌ది, మీ అమ్మాయిది కాదు. తనకి ఇంకా ఏడాదికి పైగా చదువుంది. తను ఆగిపోయిన చోటు దాటడానికి మూడు నాలుగు సాయంత్రాలు చాలు, ఆరు నెలలు అక్కర్లేదు.

ఆ ఇంటర్వ్యూ చేసినాయన అడిగిన ప్రశ్న చాలా మంచిదండి. ఇచ్చిన తీర్పు మాత్రం తప్పు. ఒక్క ప్రశ్నకి జవాబు రానంత మాత్రాన ఇరవై ఏళ్ల పిల్లని పట్టుకుని వేరే దారి చూసుకోమనడం నాకు బాధ కలిగించింది. ఆ మాట పక్కన పెట్టి ప్రశ్న మాత్రం ఉంచుకోమనండి. దాన్ని మీకూ అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే ఆ లెక్క మీరు రోజూ చేసేదే.

వల విసిరి శాంపిల్ తీసి సగటు బరువు చూస్తారు కదా. 10 గ్రాములుంటే 100 కౌంట్, అంటే కిలోకి వంద రొయ్యలు, 20 గ్రాములుంటే 50, 25 వస్తే 40 కౌంట్ అని మీ నోటి నుంచి వెంటనే వచ్చేస్తుంది. వెయ్యిని బరువుతో భాగించడమే ఆ లెక్క. ఇప్పుడు వారం వారం తీసిన బరువులు పుస్తకంలో వరుసగా ఉన్నాయనుకోండి: 8, 10, 12.5, 16, 20, 25. ఒక్కోదానికీ అదే లెక్క వేసుకుంటూ పోతే 125, 100, 80, 62.5, 50, 40 వస్తాయి. ఒక వరుస, ఒక లెక్క, వరుసలోని ప్రతిదానికీ అదే లెక్క. ప్రోగ్రామర్లు మ్యాప్ అనేది దీన్నే. కొత్తదేమీ కాదు, 1960లో జాన్ మెకార్థీ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రాసిన పేపర్‌లోనే ఇలాంటి ఫంక్షన్ ఉంది.

రెండోసారి ఖాళీ ఎందుకు అన్నది చెరువుకీ కాలువకీ ఉన్న తేడా. చెరువులో నీళ్లు నిలిచి ఉంటాయి, ఎన్నిసార్లు ముంచినా బిందె నిండుతుంది. ఉండి కాలువలో మీ తూము ముందు నుంచి వెళ్లిపోయిన నీళ్లు మళ్లీ వెనక్కి రావు. పైథాన్‌లో లిస్టు చెరువులాంటిది, మ్యాప్ ఇచ్చేది కాలువలాంటిది. దాని పేరు ఇటరేటర్. ‘తర్వాతది ఇవ్వు’ అంటే ఒకటి ఇస్తుంది, అయిపోతే స్టాప్ ఇటరేషన్ అని చెప్పి ఊరుకుంటుంది. అదే మ్యాప్ ఆబ్జెక్టుని ఇంకోసారి ఫర్ లూప్‌లో, అంటే ఒక్కొక్కటీ వరుసగా తీసే చోట పెడితే, అప్పటికే నీళ్లన్నీ వెళ్లిపోయిన కాలువ దగ్గర నిలబడ్డట్టే. ఎర్రరూ రాదు, ఒక్క అంకె కూడా రాదు. కావాలంటే ముందే లిస్టుగా మార్చి దాచుకోవాలి, లేదా మ్యాప్‌ని కొత్తగా మళ్లీ పిలవాలి. జవాబు ఇంతేనండి.

మరి అంత చిన్న విషయం మార్కులు బాగా వచ్చే పిల్లకి ఎందుకు తెలియలేదు? చాలా కాలేజీల్లో తిరిగే నోట్సు చూస్తే కారణం తెలిసిపోతుంది. మ్యాప్ పైథాన్‌లో 1994లో వచ్చిన 1.0 నుంచీ ఉంది. అప్పట్లో నేరుగా లిస్టే ఇచ్చేది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో దాన్ని ఇటరేటర్ ఇచ్చేలా మార్చారు. పాత పైథాన్ 2కి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, కానీ ‘మ్యాప్ లిస్టు ఇస్తుంది’ అనే వాక్యం మాత్రం జిరాక్సుల్లో ఇంకా బతికే ఉంది. మీ అమ్మాయి నోట్సులో అదే వాక్యం ఉందేమో ఒకసారి చూడమనండి. ఉంటే లోపం తన బుర్రలో కాదు, ఆ కాగితంలో ఉన్నట్టు.

ఇదే తప్పు నేనూ చేశాను. ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నాళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేశాను. ఒక రాత్రి సరుకు రవాణా రిపోర్టు తయారు చేస్తూ, మ్యాప్ చేసిన తూకాలని ముందు లెక్కబెట్టి, తర్వాత వాటినే కూడిక చేశాను. సంఖ్య సరిగ్గా వచ్చింది, మొత్తం సున్నా వచ్చింది. ఎర్రర్ లేదు కాబట్టి తప్పెక్కడుందో దొరకలేదు. డేటాబేస్‌ని అనుమానించాను, ఫైలుని అనుమానించాను. తెల్లారాక పక్క సీటాయన వచ్చి రెండు లైన్లు చూసి ‘లెక్కబెట్టడంలోనే అయిపోయాయి కదా’ అన్నాడు. ఉద్యోగంలో ఉన్నవాడికే రాత్రంతా పట్టింది. చదువుకునే పిల్లకి ఇంటర్వ్యూ గదిలో రెండు నిమిషాల్లో తట్టకపోతే అదేమీ వింత కాదు.

ఇక్కడి నుంచి అమ్మాయికే రాస్తున్నాను. మీరు చదివాక తన చేతికి ఇవ్వండి.

చూడమ్మా, ఆ ప్రశ్నకి జవాబు బట్టీ పట్టొద్దు. అదే ప్రశ్నని కొంచెం వంకర తిప్పి అడిగితే మళ్లీ ఆగిపోతావు. దాని బదులు నాన్నగారి చెరువు మీద ఒక చిన్న క్లాస్ రాయి. దానికి చెరువు అని పేరు పెట్టుకో. లోపల వారం వారం బరువుల లిస్టు ఉంటుంది. ఫర్ లూప్‌లో ఆ చెరువు ఆబ్జెక్టుని పెడితే బరువులు ఒక్కొక్కటే రావాలి. దీనికి ఇటర్ అనే మెథడ్ రాయాలి, అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్‌లు పెట్టి రాసేది.

నీ ఈడు పిల్లలు చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎక్కడిదాకా చదివామో చెప్పే అంకెని చెరువు ఆబ్జెక్టులోనే పెడతారు, ఇటర్ మెథడ్‌లో దాన్ని సున్నా చేసి సెల్ఫ్‌ని తిరిగి ఇచ్చేస్తారు, నెక్స్ట్ మెథడ్ కూడా అందులోనే రాస్తారు. ఒక లూప్‌కి బాగానే పనిచేస్తుంది. ప్రతి వారాన్నీ దానితో సహా అన్ని వారాలతో పోల్చాలని లూప్‌లో లూప్ పెట్టి చూడు. ఆరు వారాలుంటే ముప్పై ఆరు జతలు రావాలి, ఆరే వచ్చి ఆగిపోతుంది. లోపలి లూప్ ఆ అంకెని మొదటికి తెచ్చి చివరిదాకా లాక్కుపోయింది కాబట్టి బయటి లూప్‌కి ఇంకేం మిగల్లేదు. ఒకే ఖాతా పుస్తకాన్ని ఇద్దరు చదువుతూ ఒకే వేలు వాడుకుంటే ఇలాగే అవుతుంది. పుస్తకం ఒక్కటే ఉండొచ్చు, వేళ్లు ఎవరివి వాళ్లకుండాలి. చెరువు పుస్తకం, ఇటరేటర్ వేలు. ఇటర్ మెథడ్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త వేలు ఇవ్వాలి. సులువైన పద్ధతి, ఇటర్ లోపల మామూలు ఫర్ లూప్ పెట్టి యీల్డ్ (ఒకటి ఇచ్చి అక్కడే ఆగి, మళ్లీ అడిగితే కొనసాగమనే మాట) రాయడం. అప్పుడు అది జెనరేటర్ అవుతుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది వస్తుంది.

ఇది కుదిరాక చెరువు ఆబ్జెక్టు మీద మ్యాప్ నడుపు. లెక్క చేసే ఫంక్షన్‌ని విడిగా రాసి ఇవ్వొచ్చు, క్లాస్‌లోని మెథడ్‌నీ ఇవ్వొచ్చు. కౌంట్ ధరలు ఇంకో ఆబ్జెక్టులో ఉంటే, ఆ ఆబ్జెక్టు మెథడ్‌నే మ్యాప్‌కి ఇస్తే ధరల పట్టిక కూడా దానితోపాటే వెళ్తుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగూ మ్యాపూ వేర్వేరు పాఠాలని కాలేజీలో అనిపిస్తుంది. ఇక్కడ రెండూ ఒకే చోట కలిసి పనిచేయడం నీ కళ్లతో చూస్తావు.

తర్వాత కావాలనే ఒక తప్పు పెట్టు. మూడో వారం శాంపిల్ తీయలేదనుకుని బరువు సున్నా వేయి. మ్యాప్ రాసిన లైన్ ఏ అభ్యంతరం లేకుండా దాటిపోతుంది. మొదటి రెండు కౌంట్లు కూడా ముద్రిస్తుంది. మూడోదాని దగ్గర సున్నాతో భాగించావని ఆగిపోతుంది. అంటే మ్యాప్ అని రాసినప్పుడు లెక్క జరగలేదు. తూము ఎత్తినప్పుడే నీళ్లు కదిలినట్టు, లూప్ అడిగినప్పుడే జరిగింది. దీన్ని లేజీ అంటారు. మా తరానికి ఈ పేరు చాలా రోజులు తప్పుగా అర్థమైంది. బద్ధకం కాదు, పొదుపు అది. లక్షల లైన్ల ఫైలు ఉన్నా మెమరీలో ఒకసారికి ఒక్క లైను ఉంటే చాలు. డేటా ఇంజనీరింగ్ పనుల్లో ఈ పొదుపు మీదే చాలా పని నడుస్తుంది.

ఇంటర్వ్యూలో జావా అడిగినా కంగారు పడకు. 2014 మార్చిలో వచ్చిన జావా 8లో స్ట్రీమ్‌లకి (ఇవీ కాలువలాంటివే) మ్యాప్ ఉంది. వాడేసిన స్ట్రీమ్‌ని మళ్లీ వాడితే పైథాన్‌లాగా మౌనంగా ఉండదు, ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ విసురుతుంది. సీ షార్ప్‌లో అదే పనికి సెలెక్ట్ ఉంది. లిస్టు మీద పెట్టిన సెలెక్ట్‌ని రెండోసారి తిప్పితే లెక్కంతా మళ్లీ మొదట్నుంచి చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అర్రే మీద మ్యాప్ చేస్తే అప్పటికప్పుడే కొత్త అర్రే ఇచ్చేస్తుంది. ఒకే పని, నాలుగు భాషల్లో నాలుగు రకాలు. అందుకే ఏ భాషలోనైనా రెండే అడుగు: లెక్క ఎప్పుడు జరుగుతోంది? ఎక్కడిదాకా వచ్చామన్న అంకె ఎవరి దగ్గరుంది? ఆ రెండూ చెప్పగలిగితే, మెథడ్ పేరు మర్చిపోయినా ఏ ఇంటర్వ్యూ చేసేవాళ్లూ పట్టించుకోరు. ఎదురుగా కూర్చుని చాలామందిని అడిగినవాణ్ని కాబట్టి ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

చదువుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ ఉచితం. పైథాన్ ట్యూటర్ అనే సైట్‌లో నీ ప్రోగ్రామ్ వేసి అడుగడుగునా నడిపిస్తే ఏ లైన్ దగ్గర ఏం జరుగుతుందో బొమ్మగా కనబడుతుంది. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పిన పైథాన్ డేటా స్ట్రక్చర్ల కోర్సు ఉంది. పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు.

మళ్లీ మీతో, తండ్రిగారూ. బ్యాంకు పరీక్షల గురించి అడిగారు. అది మంచి ఉద్యోగమే, ఏ డిగ్రీ చదివినా రాయొచ్చు. కానీ ప్రోగ్రామింగ్ రాదన్నారు కాబట్టి బ్యాంకుకి పంపుతాననకండి. తనకి ఆ పని మీద ఇష్టముంటే డిగ్రీ అయ్యాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఇప్పుడు పంపితే, ఎవరో ఒకాయన అన్న మాటకి మీరు కూడా అవునన్నట్టు తనకి వినబడుతుంది. డబ్బు కంటే నాకు ఈ భయమే ఎక్కువగా ఉంది.

కోర్సుల సంగతీ ఒక మాట. అన్నీ పనికిరానివని నేననను. రోజూ కూర్చుని రాసే అలవాటు లేని పిల్లలకి ఎవరో ఒకరు వెనకుండి రాయించడం అవసరమవుతుంది. మీ అమ్మాయి మార్కులు చూస్తే తను ఆ కోవలో ఉన్నట్టు అనిపించడం లేదు. నాలుగో సంవత్సరం మొదట్లో కూడా తనంతట తాను ఒక ప్రోగ్రామ్ పూర్తి చేయలేకపోతుంటే మళ్లీ రాయండి, అప్పుడు ఎలాంటి కోర్సు, ఎంత కాలం అని మాట్లాడుకుందాం.

ఈ ఆదివారం మీ శాంపిల్ పుస్తకం తనకి ఇవ్వండి. ఈ పంటలో తీసిన బరువులన్నీ అందులోంచి ఎక్కించమనండి. కౌంట్లు ముద్రించాక, మీరు నోటి లెక్కతో వేసుకున్న వాటితో పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచూడండి. అదే మ్యాప్‌ని లూప్‌లో రెండోసారి తిప్పితే ఖాళీ ఎందుకొస్తుందో మీకు అర్థమయ్యేలా తననే చెప్పమనండి.