నెల్లూరులో బాత్‌రూమ్ పగలగొట్టిన రబ్బీసు ఎక్కడ పోయాలి?

ఈ ప్రశ్న బాత్‌రూమ్ టైల్స్, ఒక అడ్డగోడ కొట్టించాక మిగిలిన రబ్బీసు (పగిలిన ఇటుకలు, టైల్స్, సిమెంటు ముక్కలు) గురించి. పొద్దున వచ్చే చెత్తబండికి ఇవ్వొచ్చు కదా అంటే, కుదరదు. అది వంటింటి తడిచెత్త, పొడిచెత్త కోసం వస్తుంది, ఒక్క ఇటుకే సుమారు 3 కిలోలుంటే గోడ మొత్తం ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ముందు మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలిసి, ఇప్పుడు ఎక్కడ పోయనిస్తున్నారు, డబ్బు కట్టాలా అని అడగండి. ఆ తర్వాతే ట్రాక్టర్ మాట్లాడుకోండి. పోసే చోటు మీరే చెప్పండి, లేకపోతే డ్రైవర్ డీజిల్ మిగుల్చుకుందామని చీకటిపడ్డాక పెన్నా గట్టునో కాలువ పక్కనో దించేసి వెళ్తాడు (మా వీధిలో ఇదే జరిగింది, అడిగితే మేస్త్రీ డ్రైవర్ని చూపించాడు, డ్రైవర్ మేస్త్రీని). నిర్మాణ వ్యర్థాలపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో కూడా రోడ్డు మీద, కాలువల్లో వేయకూడదని, ఆ వ్యర్థాలను విడిగా ఉంచే బాధ్యత ఇంటివాళ్లదేనని ఉండేది.

ట్రాక్టర్లో ఎక్కించే ముందు ఇనుపచువ్వలు, కుళాయిలు, పాత తలుపులు తీసి పక్కన పెట్టండి, పాత సామాన్ల కొట్టువాళ్లు డబ్బులిచ్చి తీసుకెళ్తారు. మంచి ఇటుకముక్కలు, మట్టి అయితే పునాది నింపుకునేవాళ్లు అడిగి మరీ పట్టుకెళ్తారు, చుట్టుపక్కల ఇల్లు కడుతుంటే కనుక్కోండి. పెయింట్ డబ్బాలు, ట్యూబ్‌లైట్లు మాత్రం రబ్బీసులో కలపొద్దు. ట్యూబ్‌లైట్లో పాదరసం ఉంటుంది, పగలకుండా విడిగా ఇవ్వాలి.