పాత .22 శిక్షణ రైఫిల్ మ్యాగజైన్‌లో స్ప్రింగు లేకపోతే ఒరిజినల్ కాదా?

ఒరిజినలే, నంబర్ 2 మార్క్ 4 స్టార్ రకానికి స్ప్రింగు ఉండకపోవడమే సరైనది. .303 ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనిక రైఫిల్‌ను శిక్షణ కోసం చిన్న .22 తూటాకి మార్చిన రైఫిల్ ఇది, తూటాలు ఒక్కొక్కటే చేత్తో పెట్టాలి. అందుకని మ్యాగజైన్ పెట్టెలోంచి తూటాలను పైకి నెట్టే స్ప్రింగు, దాని మీది పలక తీసేశారు. ఉదాహరణకు పది తూటాలు కాలిస్తే ఖాళీ ఇత్తడి తొడుగులు ఆ పెట్టెలోకే పడతాయి; పెట్టె ఊడదీసి వాటిని పారబోసుకోవచ్చు.

చాలామంది ఏదో పోయిందనుకుని .303 స్ప్రింగు తెచ్చి బిగిస్తారు. దాంతో తొడుగులు పడే చోటు మూసుకుపోతుంది, ఒరిజినల్ స్థితీ పోతుంది. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడితే నూనె గుడ్డతో తుడవండి. కర్రకు మాత్రం ఉప్పుకాగితం తగలనివ్వొద్దు, ముద్రలు చెరిగిపోతాయి. శిక్షణదైనా పేలే తుపాకీయే, లైసెన్సు తప్పనిసరి.