అల్లుడికి, గేర్‌బాక్సు ప్లగ్గు గురించి

అల్లుడూ,

బోటు గేర్‌బాక్సు కింద నూనె దించే డ్రెయిన్ ప్లగ్గు కారుతోందని, మెకానిక్కుని పిలవకుండా నువ్వే విప్పుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది రా. మన ఇంట్లో మళ్లీ ఒకడు పానా పట్టుకున్నాడు. కానీ అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఆఖరి రోజు దాకా ఆగకు, ఈ వారమే చెయ్యి.

కారేది ప్లగ్గేనా అని ముందు చూడు. వెనక ఆయిల్ సీలు పోయినా నూనె జారి ప్లగ్గు దగ్గరే బొట్టు కడుతుంది. అంతా తుడిచి, ఆరాక పౌడరు చల్లి, ఇంజను పావుగంట తిప్పు. తడి ఎక్కడ మొదలైతే లీకు అక్కడే. తిరిగే షాఫ్టు దగ్గర చెయ్యి పెట్టావంటే ఊరుకోను. తర్వాత ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసి, నూనె గోరువెచ్చగా ఉండగానే దించు. నూనె పాలు కలిసిన టీలా ఉంటే, నూనెని చల్లార్చే కూలర్లోంచి నీళ్లు దిగుతున్నట్టు, అప్పుడు ప్లగ్గు సంగతి తర్వాత. దించిన నూనె హార్బరు నీళ్లలో పొయ్యొద్దు.

రాగి వాషరు కొత్తది వెయ్యి. పాతది నలిగి గట్టిపడి ఉంటుంది, ఎంత బిగించినా కారుతుంది. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది.

మీ అమ్మ పెళ్లైన ఏడాది. మీ తాత బోటు నడిపే సరంగు, నేను ఇంజను చూసేవాణ్ణి. ప్లగ్గు బొట్టు బొట్టుగా కారుతోంది. పాత వాషరే వేసి, పానాకి రెండడుగుల పైపు తొడిగి లాగాను. గట్టిగా ఉన్నది ఒక్కసారిగా చేతికింద మెత్తగా తిరిగింది. మర పోయిందని ఆ క్షణమే తెలిసింది. తెల్లారితే ప్రయాణం, ఐస్ ఎక్కించేశారు. నోరు విప్పలేదు. దారం చుట్టి, పేస్టు పూసి, పైన గ్రీజు రాసేశాను.

నాలుగో రాత్రి గేరు వేస్తే ఇంజను అరుస్తోంది, బోటు కదలడం లేదు. కింద ప్లగ్గు ఊడిపోయి ఉంది, బోటు అడుగున చేరిన నీళ్ల మీద నూనంతా తేలుతోంది. నూనె లేక క్లచ్ ప్లేట్లు జారిపోతున్నాయి. అది కాకినాడకి వచ్చే ఓడల దారి. దూరంగా ఒక ఎర్ర లైటు, ఒక పచ్చ లైటు, రెండూ ఒకేసారి కనబడ్డాయి. అలా కనబడితే ఓడ ముక్కు మనవైపే ఉన్నట్టు. గోనెపట్టాలు కిరసనాయిల్లో ముంచి వెలిగించాం. ఆరుగురం గొంతులు పోయేలా అరిచాం. చాలాసేపటికి పచ్చ లైటు మాయమై ఎర్రది మిగిలింది. ఓడ తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఒడ్డుకి చేరాక మీ తాత ఒకటే అడిగాడు, "బయల్దేరే ముందు నీకేమైనా తెలుసా?" అని. తెలీదన్నాను. నమ్మాడు. నమ్మే పోయాడు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

అందుకే చెబుతున్నా. పానాకి పైపు తగిలించకు. వాషరు నలిగే దాకా బిగించు, చాలు. టేపు చుట్టకు, దాని తునకలు ఆయిల్ దారుల్లోకి పోతాయి. చేతికింద మెత్తగా తిరిగిందా, పానా కింద పెట్టి బోటువాళ్లందరికీ చెప్పు. పెద్ద సైజు మర కోయించుకోవచ్చు, ఒకపూట పని. కోసేటప్పుడు ఇనప రజను లోపల పడకుండా, మర కోసే ట్యాపుకి గ్రీజు పట్టించమను. ఎవరైనా నవ్వితే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతా. నిన్ను తిడతానని మాత్రం దాచకు రా. తిట్టను.

నూనె పోశాక, బోటు కట్టి ఉండగానే గేరు ముందుకి, వెనక్కి వేసి కాసేపు తిప్పి, కొలత మళ్లీ చూడు. కొంత నూనె కూలర్లోకి, పైపుల్లోకి పోతుంది.

రెండు రాగి వాషర్లు మీ అమ్మ చేత పంపుతున్నాను. పాతదాని మీద పెట్టి సైజు చూసుకో. ఒకటి వెయ్యి, రెండోది బోటులోనే ఉంచు. రాత్రి ప్లగ్గు కింద తెల్ల కాగితం పరిచి, పొద్దున్నే ఫోటో తీసి పంపు. నాలుగింటికే లేచి చూస్తుంటాను.

మీ మావయ్య