ఏ వ్యాపారం మీకు సరిపోతుంది? ముందు అరువు సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు, చేతిలో ఐదు లక్షలు ఉన్నాయి, బట్టల షాపా, టిఫిన్ సెంటరా, ఏదైనా చిన్న తయారీ పనా అని ఆలోచిస్తున్నారు. వీటిలో తనకు ఏది సరిపోతుందో మనిషికి ఎలా తెలుస్తుంది?

మేం విజయవాడలో ఇడ్లీ, దోశ పిండి తయారుచేసి కిరాణా షాపులకు వేస్తాం. మా తమ్ముడిది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఒకే ఇంట్లో పెరిగాం, చదువులూ దాదాపు ఒకటే. అయినా వాడి షాపులో నన్ను కూర్చోబెడితే నాలుగు నెలల్లో మూతపడుతుంది. మా పిండి పని వాడికి అప్పజెబితే వారం తిరక్కుండా పారిపోతాడు. అందుకే 'మీకు ఏది ఇష్టం' అనే దగ్గర మొదలుపెట్టమని నేను చెప్పను. దోశలంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు.

ముందు చూడాల్సింది ఆ వ్యాపారంలో డబ్బు ఎప్పుడు చేతికొస్తుందని. తమ్ముడి దగ్గర వైర్లు, స్విచ్చులు ఎక్కువగా కొనేది ఎలక్ట్రీషియన్లు, చిన్న కాంట్రాక్టర్లు. ఖాతా రాయించి సరుకు పట్టుకెళ్తారు. ఇంటి ఓనరు ఇచ్చాక ఇస్తామంటారు, గృహప్రవేశం అయ్యాక అంటారు. ఖాతా ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు. ఇచ్చామా, సాయంత్రం పూట ఫోన్లు చేసి, సైటు దగ్గరకు వెళ్ళి, మాట తూలకుండా రాబట్టుకోవాలి. మావాడు ఆ పని నవ్వుతూ చేస్తాడు, టీ తాగించి మరీ పాత బాకీ కట్టిస్తాడు. నాకైతే ఒకరిని రెండోసారి డబ్బడగాలంటే నోరు పెగలదు. గల్లాపెట్టె మీద 'అరువు రేపు' అని అంటించినంత మాత్రాన అరువు ఆగదు. అడిగిన మనిషి ముఖం చూసి కాదనగలగాలి, ఇచ్చాక వెంటపడగలగాలి. ఆ రెండూ మీ వల్ల కాదనుకుంటే హార్డ్‌వేర్, సిమెంటు, ఎరువులు, పురుగుమందులు లాంటి ఖాతా వ్యాపారాల జోలికి పోకండి. ఎరువుల షాపులో బాకీ కదిలేది పంట డబ్బు వచ్చాకే. మిర్చి ధర పడిపోయిన ఏడాది బాకీ పై ఏడాదికి పోతుంది, కంపెనీకి మాత్రం మీరు టైముకు కట్టాలి.

పిండిలో డబ్బు త్వరగా తిరుగుతుంది, కానీ సరుకు నిల్వ ఉండదు. మధ్యాహ్నం మినపగుళ్ళు నానబెట్టడం, రాత్రి రుబ్బడం, తెల్లవారుజామున ప్యాకెట్లు షాపులకు చేర్చడం. బెజవాడ ఎండల్లో ఫ్రిజ్ సరిగ్గా లేని షాపులో పెడితే మధ్యాహ్నానికే ప్యాకెట్ ఉబ్బిపోతుంది. చలికాలంలో 'మీ పిండి పొంగలేదండీ' అని గొడవ. అమ్మినవాటికే డబ్బు, మిగిలినవి మనకే వెనక్కి. శనివారం రాత్రి అన్నం మానేసి టిఫిన్ తినే ఇళ్ళు ఎన్నో, కార్తీక సోమవారాలకు ఎంత ఎక్కువ వేయాలో మనమే అంచనా కట్టుకోవాలి. గ్రైండరు పాడైనా, మనకు జ్వరమొచ్చినా రేపటి పిండి రేపు ఉండాల్సిందే. దగ్గర చుట్టాల పెళ్ళికి కూడా తలంబ్రాల టైముకు వెళ్ళి భోజనం చేసి వచ్చేయడమే. ఈ పనికి మాటకారితనం అక్కర్లేదు, రోజూ అదే పని విసుక్కోకుండా చేసే ఓపిక చాలు. టిఫిన్ సెంటరుకు ఆ ఓపికతో పాటు మనుషుల టెన్షన్ కూడా ఉంటుంది: మాస్టరు చెప్పకుండా మానేసిన రోజు పెనం ముందు ఎవరు నిలబడతారు?

బట్టల షాపు ఇంకో రకం. అందులో డబ్బు రాక్‌లో కూర్చుంటుంది. మా బెజవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో హోల్‌సేల్‌కు తెచ్చిన సరుకులో బాగున్న రంగులు, నడిచే సైజులు శ్రావణానికి, దసరాకు అయిపోతాయి. మిగిలిందే మన లాభం, అది కూడా ఆషాఢం తగ్గింపులో పోతుంది. ఐదు లక్షలు బట్టల షాపుకు తక్కువే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. ఊరికే ఉదాహరణకు, అద్దె 12,000, సహాయానికి మనిషి 12,000, కరెంటు, పెట్రోలు 6,000 అనుకుందాం. మీ ఇల్లు గడవడానికి 30,000. మొత్తం 60,000. ప్యాకెట్ మీద 10 రూపాయలు మిగిలితే నెలకు 6,000 ప్యాకెట్లు, అంటే రోజుకు 200 అమ్మాలి. ఒక్కో షాపు 10 అమ్మితే 20 షాపులు. తెల్లవారుజామున బండి మీద 20 షాపులు తిరగడం మీ వల్ల అవుతుందా? చాలామంది లాభం దగ్గర లెక్క ఆపేస్తారు. తమ జీతం అందులో వేసుకోరు, ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారో అసలు ఆలోచించరు. ఐదు లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టేయండి. మిగిలిందే మీ పెట్టుబడి.

తయారీ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. 'పేపర్ ప్లేట్ల మిషన్ కొనండి, ముడిసరుకు మేమే ఇస్తాం, తయారైన సరుకు మేమే కొంటాం' అనే ప్రకటనలు చూసే ఉంటారు. అగరుబత్తీలకు, ఒత్తులకు కూడా ఇదే పాట. వాళ్ళ వ్యాపారం మిషన్లు అమ్మడం. మా వీధిలోనే ఒకాయన అలా కొన్నారు. మిషన్ అమ్మినవాళ్ళు మొదటి లోడు తీసుకున్నారు, తర్వాత క్వాలిటీ లేదన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మిషన్ కొనే ముందే మీ సరుకు తీసుకునే ఐదారుగురు దుకాణదారులతో మాట్లాడుకోండి. వాళ్ళు దొరక్కపోతే మిషన్ కూడా వద్దు.

సబ్సిడీని చూసి కూడా వ్యాపారం ఎంచుకోకండి. కొత్త యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్ళు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటే అప్పులో సర్దుతారు. ఈలోగా వాయిదాలు కట్టాల్సింది మీరే. చిన్నగా మొదలుపెట్టేవాళ్ళకు ముద్రా రుణం నయం. అందులో శిశు అనే రకం కింద 50,000 వరకు, కిశోర్ అనే రకం కింద 5 లక్షల వరకు ఇస్తారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఏజెంటుకు డబ్బులివ్వద్దు. తినే సరుకైతే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పంపకండి.

ఉద్యోగం మానకముందు చేయగలిగిన పని ఒకటుంది. మీరు అనుకుంటున్న వ్యాపారమే చేస్తున్న వాళ్ళ దగ్గర, వేరే పేటలోనో పక్క ఊళ్ళోనో, శని ఆదివారాలు పని చేస్తానని అడగండి. పోటీకి రారని తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు. కౌంటరు దగ్గర కాదు, సరుకు దింపే చోట, లెక్క కట్టే చోట నిలబడండి. పని నేర్చుకోవాలంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు చాలా జిల్లాల్లో ఉన్నాయి, గ్రామీణ యువతకు శిక్షణ, భోజనం, వసతి ఉచితం.

మీది ఏ ఊరో, ఇంట్లో చేయిసాయం చేసేవాళ్ళు ఎవరున్నారో, తెల్లవారుజామున లేవగలరో లేదో కామెంట్‌లో రాయండి. బట్టల సంగతి నాకు పైపైనే తెలుసు. పిండి గురించైతే ఎంత గ్రైండరు కొనాలన్న దగ్గర్నుంచి చెప్తాను.